తుప్పు కారు మొదటి బండి అయితే

పాత కారు బేరానికి వచ్చినవాళ్ళు ముందుగా బానెట్ ఎత్తమంటారు. ఇంజిన్ శబ్దం వింటారు, ఒకటి రెండుసార్లు ఆక్సిలరేటర్ తొక్కి పొగ రంగు చూస్తారు. సలహాకని వెంట వచ్చిన పెద్దమనిషి ఆయిల్ పుల్ల బయటికి లాగి, వేళ్ళ మధ్య రుద్ది, తల పంకిస్తాడు. ఈ తతంగానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో మోకాళ్ళ మీద కూర్చుని కారు అడుగు భాగం వైపు తొంగి చూసేవాళ్ళు చాలా అరుదు.

మొదటి కారుగా డొక్కు బండి కొని అవస్థపడేవాళ్ళ కష్టాలన్నీ ఒకే మూటగా కట్టి "పాత బండంటే అంతే" అనేయడం మామూలే. ఆ మూట విప్పితే రెండు వేర్వేరు జబ్బులు కనిపిస్తాయి. బండి మొరాయించడం ఒకటి, తుప్పు పట్టడం రెండోది. మొరాయించే కారులో చెడేవి విడి భాగాలు: బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, వాటర్ పంపు, ఏదో ఒక సెన్సర్. వాటిని విప్పి కొత్తవి బిగించవచ్చు. తుప్పు తినేది ఆ భాగాలన్నీ వేలాడుతున్న ఒంటిని. దానికి స్పేర్ పార్టు దొరకదు. అందుకే హాయిగా నడుస్తూ అడుగు కుళ్ళిపోయిన కారు కంటే, నెలకోసారి సతాయించినా ఒళ్ళు గట్టిగా ఉన్న కారు మొదటి బండిగా ఎంతో నయం. కొత్తగా కొనేవాళ్ళు చాలాసార్లు దీనికి సరిగ్గా తలకిందులుగా ఎంచుకుంటారు.

బొట్టు నడుమ ఏం జరుగుతుంది

తుప్పుకు ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కావాలి. ఇనుప రేకు మీద తడి చేరగానే అక్కడ ఒక చిన్న బ్యాటరీ లాంటిదే తయారవుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, పక్కచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి సముద్రపు గాలి, చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ పనిని ఉరకలెత్తిస్తాయి. అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కానీ దాని మీద ఏర్పడే పొర గట్టిగా అతుక్కుపోయి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అసలు లోహం కంటే కనీసం రెండు రెట్ల చోటు ఆక్రమించి ఉబ్బుతుంది, పొరలుగా రాలిపోతుంది, రాలినచోట తాజా ఇనుము మళ్ళీ తడికి దొరుకుతుంది.

బ్రిటన్ శాస్త్రవేత్త యులిక్ ఈవాన్స్ 1920లలో ఇనుము మీద ఉప్పునీటి బొట్టు వేసి ఏం జరుగుతుందో గమనించాడు. గాలి బాగా తగిలే అంచు దగ్గర ఎక్కువ తుప్పు పడుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. ఆక్సిజన్ సరిగా అందని బొట్టు నడిమి భాగంలో ఇనుము కరిగింది, అంచు దగ్గర ఇనుము క్షేమంగా ఉంది. కారు విషయంలో ఈ ఒక్క బొట్టు చాలా చెబుతుంది. రోజూ గాలి, ఎండ తగిలే పైకప్పు, బానెట్ నడిమి భాగం చివరిదాకా నిగనిగలాడుతూనే ఉంటాయి. రెండు రేకులు కలిపి మడిచిన అంచులు, చక్రం పైన బురద గడ్డకట్టిన మూల, తలుపు అడుగు, కార్పెట్ కింద చెమ్మ ఊరే ఫ్లోరు ముందుగా పోతాయి. అంటే కళ్ళకు కనబడనిచోటే తుప్పుకు ఇష్టమైన చోటు.

తలుపు అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం రబ్బరు పక్కనుంచి లోపలికి జారిన వాన నీరు బయటికి పోవడానికి పెట్టినవి అవి. దుమ్ముతోనో ఎండుటాకులతోనో పూడుకుపోతే తలుపు నీళ్ళ తొట్టి అవుతుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఆకులు చేరే గాడికి కూడా ఇదే గతి. సూదితో పొడిచి శుభ్రం చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయే పని. చాలామంది యజమానులకు ఆ రంధ్రాలు ఉన్నాయన్న సంగతే తెలియదు.

ఉప్పు బురద పట్టిన కారును వెచ్చని గదిలో తలుపులు మూసి ఉంచడం మంచిదనుకుంటారు. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుంది కాబట్టి, తడితో సహా మూసిపెట్టిన కారు ఆరుబయట చలిలో ఉన్నదానికంటే త్వరగా తుప్పు పడుతుంది. ముందు కడగాలి, తర్వాత ఆరాలి, ఆ తర్వాతే కప్పు కింద పెట్టాలి. కడగడమంటే పైన షాంపూ పూయడం అనుకుంటే లాభం లేదు. నీటి ధార తగలాల్సింది అడుగున.

ఒళ్ళే చాసిస్ అయినప్పుడు

పాతకాలం కార్లకు నిచ్చెన లాంటి బరువైన చాసిస్ ఉండేది, బాడీని దాని మీద కూర్చోబెట్టేవారు. రేకు తుప్పు పడితే అందం పాడయ్యేది, బండి నడిచేది. ఇటలీకి చెందిన లాంచియా కంపెనీ 1922లో తెచ్చిన లాంబ్డాతో దారి మారింది. అందులో బాడీయే బరువు మోసింది. ఇప్పటి చిన్న, మధ్యతరహా కార్లు దాదాపు అన్నీ ఈ పద్ధతిలోనే తయారవుతాయి. బయటి రేకు మందం సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత పల్చటి రేకును గొట్టాల్లా, పెట్టెల్లా మడిచి అతికితే దానికి బలం వస్తుంది. అగ్గిపెట్టె బలంగా ఉండేది అట్ట వల్ల కాదు, ఆకారం వల్ల. ఆ పెట్టెలో ఒక గోడ పోతే మిగిలిన గోడలకు పట్టు పోతుంది.

అదే లాంచియా 1972లో విడుదల చేసిన బీటా కారుతో ఈ సంగతిని చేదుగా నేర్చుకుంది. 1980 నాటికి బ్రిటన్‌లో కొన్ని బీటా కార్లలో ఇంజిన్‌ను మోసే సబ్‌ఫ్రేమును బాడీకి బిగించేచోట తుప్పు పట్టి బలహీనపడినట్టు బయటపడింది. కంపెనీ ఆ కార్లను తిరిగి కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ దేశంలో దాని పేరు మళ్ళీ నిలదొక్కుకోలేదు. చివరికి 1994లో అక్కడ అమ్మకాలు ఆపేసింది. ఇంజిన్ల విషయంలో మంచి పేరున్న కంపెనీ అది. విడిగా చాసిస్ ఉన్న బండ్లకైనా ఈ బాధ తప్పదు. ఉప్పు రోడ్ల మీద తిరిగిన 1995-2000 నాటి టకోమా పికప్పుల ఫ్రేములు తుప్పు పట్టి చిల్లులు పడటంతో టయోటా 2008లో అమెరికాలో ఫ్రేము వారంటీని 15 ఏళ్ళకు పెంచింది. బాగుచేయలేని బండ్లను వెనక్కి కొంది. ఇంజిన్ చెడదని జనం కళ్ళు మూసుకుని నమ్మే బండి అది. ఇంజిన్ నిజంగానే చెడలేదు కూడా.

రక్షణ పద్ధతులు రాలేదని కాదు. జింకు పూత ఉన్న రేకు వాడితే ఇనుముకు బదులు జింకు ముందు కరుగుతుంది, గీత పడినచోట కూడా కొంతకాలం కాపాడుతుంది. పోర్షే 911 బాడీకి 1970ల మధ్యలో, ఆడీ 100 మొత్తం బాడీకి 1985లో ఇలాంటి పూత వచ్చింది. బాడీని రంగు తొట్టిలో ముంచి కరెంటుతో లోపలి మూలల దాకా రంగు పట్టించే పద్ధతి కూడా వ్యాపించింది. అందుకే కారు వయసు ఒక్కటే చూసి తుప్పును అంచనా వేయకూడదు. జింకు పూత ఉన్న ఇరవై ఏళ్ళ కారు శుభ్రంగా ఉండొచ్చు, అది లేని పదేళ్ళ కారు పొడిపొడిగా రాలొచ్చు. ప్రమాదం జరిగి టింకరింగ్ చేసిన కారు మరో రకం. దెబ్బ తిన్న మూల సుత్తి దెబ్బలకి, వెల్డింగ్ వేడికి ఫ్యాక్టరీ పూత పోగొట్టుకుంటుంది. ఆ మూల మిగతా ఒంటికంటే ఏళ్ళ ముందే ముసలిదవుతుంది.

పైన పటారం

పెయింటు మీద చిన్న పొక్కు కనిపిస్తే బయట తుప్పు మొదలైందని చాలామంది అనుకుంటారు. బయటి గీత నుంచి మొదలైన తుప్పు ఎర్రటి మచ్చలా కనబడుతుంది, దాన్ని గీకి బాగుచేయొచ్చు. పొక్కు మాత్రం తరచూ లోపలి నుంచి వస్తుంది. రేకు వెనకవైపు తినేసిన తుప్పు ఇవతలికి చేరి, రంగును పైకి నెడుతోందని దాని అర్థం. గోటితో గిల్లితే రంగుతో పాటు రేకు కూడా ఊడొస్తుంది. పైకి పావలా అంత కనిపించే పొక్కు వెనక అరచేయంత రంధ్రం ఉండటం వింతేమీ కాదు.

అమ్మేవాళ్ళకు ఇది తెలుసు కాబట్టే లప్పం అనే వస్తువు ఇంత అమ్ముడుపోతోంది. చిల్లును లప్పంతో పూడ్చి, రుద్ది, రంగు కొడితే కంటికి అందదు. అయస్కాంతానికి అందుతుంది. ఫ్రిజ్‌కి అంటించే మెత్తటి అయస్కాంతాన్ని చక్రాల పైన, తలుపు కింది అంచు మీద నెమ్మదిగా జరిపితే, లప్పం మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. వేలితో తట్టినా తెలుస్తుంది. రేకు కణకణమంటుంది, లప్పం బొదబొదమంటుంది. ఒక జాగ్రత్త: కొన్ని కార్లకు బానెట్టో మడ్‌గార్డో అల్యూమినియంతోనో ప్లాస్టిక్‌తోనో చేసి ఉంటాయి. అక్కడ అయస్కాంతం అంటకపోవడం నేరమేమీ కాదు.

అమ్మకానికి ముందు రోజే అడుగు భాగానికి నల్లటి తారు పూత కొట్టించిన కారు మరీ అనుమానించదగ్గది. నిజమైన పాత పూత దుమ్ము పట్టి, బూడిద రంగుకు తిరిగి, అక్కడక్కడ రాళ్ళ దెబ్బలు తిని ఉంటుంది. నల్లగా మిలమిలలాడుతోందంటే ఏదో కప్పారు. తుప్పు మీద పూసిన తారు తడిని బయటికి పోనివ్వదు, లోపలే బంధిస్తుంది. అంటే ఆ పూత తుప్పును ఆపదు సరికదా, దానికి నీడ కల్పిస్తుంది.

తప్పకుండా చూడాల్సిన చోటు మరొకటి ఉంది, జాకీ పెట్టే పాయింట్లు. తలుపుల కింద పొడవునా పోయే పెట్టె లాంటి అంచు మీద అవి ఉంటాయి. కారును జాకీతో ఒక్కసారి పైకి లేపమని అడగాలి. రేకు కరకరమన్నా, జాకీ లోపలికి దిగినా బేరం అక్కడితో ఆగిపోవాలి. టైరు మార్చడం కుదరదన్నది అక్కడ చిన్న సమస్య. పక్కనుంచి మరో బండి గుద్దినప్పుడు లోపలివాళ్ళను కాపాడాల్సిన దూలం అదే. చక్రాల స్ప్రింగుల పైకొసను పట్టుకునే సస్పెన్షన్ టవర్లు, సీటు బెల్టు బిగించిన చోట్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. బెల్టు ఎంత కొత్తదైనా దాని బోల్టు పట్టుకున్నది పొరలు రాలే రేకునైతే బెల్టు కట్టుకున్నట్టు కాదు. వరద నీళ్ళలో మునిగిన కార్లను పట్టుకోవడానికి సీటు కింద పట్టాలు చూడాలి. మామూలు వాడకంలో అక్కడ తుప్పు పెద్దగా రాదు, మెత్తటి ఒండ్రు మట్టి అసలు చేరదు.

ఇలా ఒకరికి తెలిసి మరొకరికి తెలియని సరుకు అమ్ముడయ్యే బజారు ఎలా చెడుతుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో ఒక చిన్న పరిశోధనా వ్యాసంలో విడమరిచాడు. ఉదాహరణకు ఎంచుకున్నది పాత కార్లనే. కొనేవాడికి మంచి కారేదో చెడ్డదేదో తెలియదు కాబట్టి సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు, వెనక్కి తగ్గుతాడు. బజారులో చెడ్డవే ఎక్కువ మిగులుతాయి, దాంతో సగటు ఇంకా దిగుతుంది. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ వ్యాసానికి చివరికి 2001లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మొదటిసారి కారు కొనే మనిషి ఈ లెక్కలో అందరికంటే కింద ఉంటాడు. సరుకు గురించే కాదు, ఏం అడగాలో కూడా అతనికి తెలియదు. ఆ లోటును బేరమాడి పూడ్చుకోలేడు. తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళి, లిఫ్టు మీద ఎక్కించి చూపించుకోవడమే మార్గం. అందుకు ఒప్పుకోని అమ్మకందారు తన జవాబు అప్పటికే చెప్పేశాడు.

రెండు జబ్బులు కలిసేచోట

తుప్పు వేరు, మొరాయింపు వేరు అన్నది చాలావరకు నిజం. కొన్నిచోట్ల ఒకటి రెండోదానికి దారి తీస్తుంది. కొత్త యజమానులను ఎక్కువగా ఏడిపించేవి ఆ చోట్లే.

కారులో ప్రతి బల్బుకూ మోటారుకూ పాజిటివ్ వైరు వేరుగా వెళుతుంది. తిరుగు కరెంటుకు చాలాచోట్ల విడి వైరు ఉండదు, బాడీయే దారి. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజిన్‌కు మందపాటి ఎర్త్ పట్టీలు ఉంటాయి. ఆ బోల్టు కింద తుప్పు చేరితే? సెల్ఫ్ కొట్టే సమయంలో 200 ఆంపియర్ల దాకా కరెంటు పారుతుందనుకుందాం. ఎర్త్ దగ్గర ఓమ్‌లో నూరో వంతు అడ్డు పెరిగినా అక్కడే 2 వోల్టులు పోతాయి. పన్నెండు వోల్టుల వ్యవస్థలో రెండు పోతే సెల్ఫ్ మూలుగుతుంది. యజమాని బ్యాటరీ మారుస్తాడు. వారం బాగుంటుంది, మళ్ళీ అదే మూలుగు. సెల్ఫ్ మోటారు విప్పిస్తాడు. అసలు చేయాల్సింది ఒక బోల్టు విప్పి, కింద ఉప్పుకాగితంతో (శాండ్‌పేపర్‌తో) రుద్ది, మళ్ళీ బిగించడం. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా మినుకుమంటుంటే, ఒక స్విచ్చి నొక్కితే ఇంకేదో పనిచేస్తుంటే, భాగాలు కొనే ముందు ఎర్తులు చూసుకోవాలి.

ఇక్కడే ఒక మీటరు విలువ తెలుస్తుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా 14 చుట్టుపక్కల ఉండాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఉందంటే తప్పు బ్యాటరీది కాదు, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌దో దాని వైరుదో. ఈ రెండు అంకెలు తెలిసిన మనిషికి సగం మోసాలు అంటవు.

సైలెన్సర్ కథ ఇంకా వింతగా ఉంటుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆవిరిగా బయటికి పోతుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే కారులో గొట్టాలు వేడెక్కవు, ఆ నీరు సైలెన్సర్ లోపలే నిలుస్తుంది. అందులో దహనం నుంచి వచ్చిన ఆమ్లాలు కూడా కలిసి లోపలి నుంచి తింటాయి. తక్కువ తిరిగిన కారు కాబట్టి మంచిదని కొన్న బండికి సైలెన్సర్ ఊడి పడటానికి కారణం ఇదే. మోత పెరగడం ఒక్కటే అయితే చెవులు నొప్పి పుడతాయంతే. గొట్టానికి చిల్లు, ఫ్లోరుకు చిల్లు ఒకే కారులో కలిశాయంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరే దారి తయారైనట్టు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత రావడమే మొదటి హెచ్చరిక. మొదటి బండి నడిపేవాళ్ళు దాన్ని అలసట అనుకునే ప్రమాదం ఉంది.

బ్రేకు పైపులు కూడా చాలా కార్లలో ఉక్కువే. బయటి నుంచి తుప్పు, లోపలి నుంచి నీరు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పొడవాటి దిగుడులో బ్రేకు తొక్కి తొక్కి ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది. పాత కారు కొన్న మొదటి వారంలో ఏదైనా ఒకే ఒక్క ద్రవం మార్చాలంటే అది ఇంజిన్ ఆయిల్ అని చాలామంది చెబుతారు. బ్రేక్ ఆయిల్‌కు ఓటు వేయడం సబబు. ఇంజిన్ చెడితే బండి ఆగుతుంది, బ్రేకు చెడితే ఆగదు.

నిన్న బాగుచేశాక ఇవాళ ఎందుకు ఆగింది

"ఇంత ఖర్చు పెట్టినా మళ్ళీ ఆగింది" అనే ఫిర్యాదుకు మెకానిక్ చేతకానితనం కంటే ముందు లెక్కలు జవాబు చెబుతాయి. కారు నడవాలంటే ఎన్నో భాగాలు ఒకేసారి పనిచేయాలి. ఉదాహరణకు అలాంటివి ముప్పై ఉన్నాయనీ, ఒక్కోటి ఈ నెలలో చెడకుండా ఉండే అవకాశం 99 శాతమనీ అనుకుందాం. వినడానికి భేషుగ్గా ఉంది. ముప్పైసార్లు గుణిస్తే మొత్తం కారు నెలంతా ఆగకుండా ఉండే అవకాశం 74 శాతమే. నాలుగు నెలల్లో ఒకసారి రోడ్డు పక్కన నిలబడక తప్పదు. ఇప్పుడు ఒక భాగాన్ని ఎప్పటికీ చెడనిదిగా మార్చినా ఆ 74 కాస్తా 74.7 అవుతుంది, అంతే. ఒకే వయసున్న భాగాల మధ్య ఒకటి కొత్తది బిగించినంత మాత్రాన కారు కొత్తది కాదు.

అదే ముప్పైలో ఒకటి మాత్రం 70 శాతం దగ్గర ఈడుస్తుంటే మొత్తం 52కి పడిపోతుంది. దాన్ని బాగుచేస్తే ఒక్కసారిగా 74కి లేస్తుంది. అంటే పాత కారు మీద పెట్టే డబ్బు విలువ ఎంత పెట్టామన్నదాంట్లో లేదు, అన్నిటికంటే బలహీనమైన లంకె ఏదో గుర్తుపట్టడంలో ఉంది. పాత కార్లలో ఆ లంకె చాలాసార్లు రబ్బరు. కూలెంట్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు, టైర్లు వాడకం లేకపోయినా వయసుతో పగులుతాయి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్ళు కాగితం చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోవాలి. చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఒక బెల్టు ఖర్చుతో పోయేది మొత్తం ఇంజిన్ ఖర్చుకు చేరుతుంది.

హీటెక్కడం గురించి కొంచెం ఆగాలి, కొత్తవాళ్ళు ఇంజిన్‌ను చంపేది ఎక్కువగా ఇక్కడే. రేడియేటర్‌లో ఏళ్ళ తరబడి ఉత్త నీళ్ళు పోసిన కారు లోపలి నుంచి తుప్పు పట్టి ఉంటుంది. కూలెంట్‌లో మరిగే హద్దును పెంచే గ్లైకాల్‌తో పాటు తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి, అవి కూడా కాలంతో అయిపోతాయి. టెంపరేచర్ మీటరు సూది ఎరుపు వైపు కదిలితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, ఫ్యాన్ వేగం పెంచాలి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఇంజిన్ వేడిని కొంత లాగుతుంది. లోపలివాళ్ళు ఉడికిపోతారు, ఇంజిన్ బతుకుతుంది. అప్పటికీ సూది దిగకపోతే ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. ఒత్తిడి కింద ఉన్న నీరు మూత తీయగానే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని లాగించినవాళ్ళు ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య సీలు లాంటి హెడ్ గ్యాస్కెట్ కాలడంతో ఆగరు, వంకర తిరిగిన సిలిండర్ హెడ్ దాకా పోతారు.

అలవాటైపోయే లోపాలు

మొదటి కారు యజమానికి అసలు బాగున్న కారు ఎలా ఉంటుందో తెలియదు. పోల్చుకోవడానికి ఇంకోటి నడిపి ఉండడు. దానివల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. మొదటి నెలలో ప్రతి చిన్న శబ్దానికీ టెన్షన్. ఆరో నెల వచ్చేసరికి పెద్ద శబ్దం కూడా బండి గొంతులో భాగమైపోతుంది. స్టీరింగ్ ఎడమకు లాగుతుంది, దానికి తగ్గట్టు చేయి అలవాటు పడుతుంది. నాలుగో గేరు పడాలంటే ఒక ఒడుపు ఉంది, అది వచ్చేస్తుంది. డాష్‌బోర్డులో వెలిగే దీపం అలంకారం అవుతుంది.

1986 నాటి చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదాన్ని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ ఇలాంటి తీరుకే ఒక పేరు పెట్టింది. తెలుగులో చెప్పాలంటే తప్పు మామూలైపోవడం. అంతకుముందు ప్రయోగాల్లో రబ్బరు సీళ్ళు కాలినా నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి, కాలడం కూడా ఒప్పుకోదగ్గ సంగతిగా మారిపోయింది. ఏమీ కాకపోవడం క్షేమానికి రుజువని అనుకున్నారు. చెక్ ఇంజిన్ దీపంతో మూడు వేల కిలోమీటర్లు నడిపిన యజమాని వాదన కూడా ఇదే కదా. అయితే దీపాలన్నీ ఒకటి కావు. ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగితే ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి, పక్కకు తీసేంత వ్యవధి తప్ప ఇంకేం లేదు. చెక్ ఇంజిన్ దీపం నిలకడగా ఉంటే ఆ వారంలో చూపించుకోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే సిలిండర్లో ఇంధనం సరిగా మండటం లేదు, మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. స్కానర్ చూపించే కోడ్ కూడా లక్షణాన్ని చెబుతుంది, దోషిని కాదు. ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చి, అసలు తప్పు సెన్సర్‌కు ముందు తుప్పు పట్టిన పొగగొట్టం చిల్లు నుంచి దూరిన గాలిదని తర్వాత తెలుసుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు.

మొరాయించే కారు నడిపినవాళ్ళకు దక్కే చదువు మాత్రం కొట్టిపారేయలేనిది. నీలి పొగ అంటే ఆయిల్ మండుతోందని, ఆగకుండా వచ్చే తియ్యటి వాసన తెల్లపొగ అంటే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోందని, నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ చదువుకు ఫీజు ఉంది, అది ఎక్కువగా సమయం రూపంలో కట్టాలి. ఇంటర్వ్యూ ఉన్న రోజు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన రాత్రి ఆ ఫీజు కట్టాల్సి వస్తుందేమోనన్న దిగులు ఖర్చుల లెక్కలోకి రాదు. వేరే దారి లేని మనిషికి, అంటే బస్సు అందని చోట ఉండి ఈ ఒక్క బండి మీదే పనికి వెళ్ళేవాళ్ళకి, మొరాయింపు చదువు కాదు, జీతం కోత.

ఎప్పుడు ఆపాలి

"కారు ధర కంటే రిపేరు ఎక్కువైతే వదిలేయ్" అన్నది అందరూ చెప్పే సూత్రం. ఆ లెక్క సరైంది కాదు. బజారు ధర ఆ కారును అమ్మాలనుకునేవాళ్ళకు సంబంధించింది. వాడుకునేవాళ్ళు వేసుకోవాల్సిన లెక్క వేరు: ఈ రిపేరుతో ఇంకెన్ని నెలలు నడుస్తుంది, ఆ నెలలకు పంచితే నెలకెంత, అదే నెలకు ఇంకో కారు మీద పడే వాయిదా, విలువ తరుగుదల ఎంత? బజారులో దాదాపు విలువ లేని కారుకు క్లచ్ మార్చి రెండేళ్ళు నడిపితే అది చవక. పాత కారు విలువ పడాల్సినంత ఎప్పుడో పడిపోయింది, ఇంకా పడటానికి పెద్దగా ఏమీ లేదు. కొత్తదానికి ఆ సౌకర్యం లేదు.

ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును ఈ లెక్కలోకి రానివ్వకూడదు. హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో, నాటకాల సీజన్ టికెట్లను పూర్తి ధరకు కొన్నవాళ్ళు తగ్గింపు ధరకు కొన్నవాళ్ళకంటే సీజన్ తొలి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. నాటకాలు అవే, తేడా పోయిన డబ్బులో ఉంది. "మొన్ననే రేడియేటర్ వేయించాను, ఇప్పుడెలా వదలను" అనే మాట అదే కోవలోది. రేడియేటర్ డబ్బు ఎలాగూ తిరిగి రాదు. అడగాల్సింది రేపటి సంగతి.

ఆ నెలల లెక్క వేయాలంటే ముందు ఒళ్ళు నిలవాలి. ఇక్కడే తుప్పు మళ్ళీ ఎదురొస్తుంది. పైపై తుప్పును మెరిసే లోహం కనిపించేదాకా గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేస్తే సరిపోతుంది. గీకలేని మూలల్లో ఫాస్ఫారిక్ లేదా టానిక్ ఆమ్లం ఉన్న కన్వర్టర్ ద్రవం తుప్పును నిలకడైన నల్లటి పొరగా మారుస్తుంది. పెట్టె లాంటి అంచుల లోపలికి మైనం చిమ్మితే ఏళ్ళు కలిసొస్తాయి. చిల్లు పడ్డాక ఇవేవీ పనికిరావు. కుళ్ళిన రేకును మంచి రేకు దొరికేదాకా కోసి, కొత్త ముక్కను వెల్డింగ్ చేయాలి. తుప్పు మీదే అతుకు వేస్తే అతుకు గట్టిగా ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రేకు చిరుగుతుంది. ఒకటి రెండు చోట్లయితే చేయించుకోవచ్చు. వెల్డర్ కోసుకుంటూ పోయి మంచి రేకు దొరకడం లేదని తల ఎత్తితే, ఇంజిన్ ఎంత కమ్మగా పాడుతున్నా ఆ బండికి నెలలు లేవు.

అప్పుడు యజమాని మొదటిసారి బేరంలో అవతలి వైపు నిలబడతాడు. జాకీ ఎక్కడ దిగబడుతుందో, ఏ తలుపు కింద లప్పం ఉందో ఇప్పుడు తెలిసింది తనకే. ఆన్‌లైన్‌లో ఫోటో పెడితే చూసి వచ్చేది ఎక్కువగా మరో కొత్త మనిషే. వచ్చీ రాగానే బానెట్ ఎత్తమంటాడు. ఇంజిన్, గేర్‌బాక్సు, టైర్లు విడి భాగాలుగా ఇంకో బండిలో పనికొస్తాయి. కేటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం జాతి లోహాలు ఉంటాయి కాబట్టి తుక్కువాళ్ళు దానికి విడిగా ధర కడతారు. కుళ్ళిన బాడీకి మాత్రం తూకం ధరే, అదీ తుప్పై రాలిపోయిన ఇనుము బరువు పోగా.